ప్లగ్ స్పానర్‌కు ఎదురుగా పెట్టిన టిక్కు

నాలుగు రోజులపాటు నేను ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయాను. కాఫీ కలుపుకొని తాగడం మరిచిపోయాను, మళ్ళీ కలుపుకొన్నాను. ఉదయం ఐదింటికి లేచి, నిన్నటి డైరీ ఒకసారి చదివి, ఈనాటి పేజీ మీద తేదీ వేసుకొని పనిలో పడటం నాకు అరవై ఏళ్ళ అలవాటు. తాలూకా ఆఫీసు రికార్డు గదిలో పనిచేసిన రోజుల్లోనూ, రిటైరైన తర్వాతా ఆ అలవాటు తప్పలేదు. ఆ నాలుగు రోజుల పేజీల్లో మాత్రం తేదీలే ఉన్నాయి. కలం పట్టుకొని కూర్చోవడం, లేవడం, వాకిలి దాకా వెళ్ళి రావడం.

దీనికంతా కారణం మా తమ్ముడి కొడుకు ఫోనులో పంపిన ఒక ఫోటో. వాడు గుమ్మిడిపూండిలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో మా తాత కాలపు కారును బాగుచేస్తున్నాడు. ఫోటోలో పరిచిన ఖాకీ గుడ్డ, దానికి కుట్టిన అరలు, అరల్లో స్పానర్లు, పక్కన జాకీ. ఫోటో చూసి ఇంకా తేరుకోకముందే ఫోను మోగింది.

"అత్తా, చూసినావా? కారుతోబాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సామాను. పన్నెండూ ఉండాయి! చెన్నైలో పాత కార్ల పోటీ పెడతా ఉండారు. ఈ పెట్టె ఒకటీ పోకుండా ఉంటే దానికి తనిగా వేరే మార్కులు."

"చూసినాను."

"నీకాడ ఒక పుస్తకం ఉండాదంట కదా, నాయన చెప్పినాడు. ఈ సామానుకు చిన్నప్పుడు నువ్వు లిస్టు రాసిందంట. అది పక్కన పెడితే జడ్జీలు సొక్కిపోతారు."

"అది తెలుగులో ఉండాది రా. నీకు చదివేదానికే రాదే."

"చదివేదెవరు అత్తా? టిక్కులు చూస్తే చాలు. వరసగా ఒక్కటీ తప్పకుండా ఉండాయంట కదా!"

అవును, వరసగా ఒక్కటీ తప్పకుండా ఉన్నాయి. ఆ మాట విన్నప్పటి నుంచే నాకు కాలు నిలవలేదు.

తిరుత్తణికి ఐదారు మైళ్ళలో మా ఊరు. మాది నేత కుటుంబం. ఇంట్లో ఆరు మగ్గాలు ఉండేవి. తెల్లవారకముందే మొదలయ్యే మగ్గాల చప్పుడు, పడుగుకు పెట్టిన గంజి పులిసిన వాసన, అవ్వ కాచే రాగి సంకటి వాసన కలిసి ఒకే వాసనగా నాకు గుర్తు. ఆ వాసనలోకి ఒకరోజు పెట్రోలు వాసన వచ్చి చేరింది. తాత లుంగీల వ్యాపారం మీద నాలుగూళ్ళు తిరిగేవాడు. ఊరు విడిచిపోతున్న ఒక తోట యజమాని దగ్గర పొడుగు ముక్కు నల్లకారు కొన్నాడు. వెనక సీటు కింద ఒక రేకు పెట్టె, దాంట్లో పనిముట్లు చుట్టిన ఖాకీ గుడ్డ ఉన్నాయి. మూత లోపల అచ్చువేసిన కాగితం, అందులో ఏ పనిముట్టు ఎక్కడ ఉండాలో బొమ్మలు. ప్రతి పనిముట్టు మీదా కంపెనీ వాళ్ళ అక్షరాలు పొడిచి ఉన్నాయి.

తాత కారును చూసి మురిసింది ఒక పూట. పెట్టెను చూసి మురిసింది మాత్రం బతికినన్నాళ్ళు.

"చూడు పాపా," అన్నాడు నాతో, "కారుకు రంగు పోతుంది, టైర్లు అరిగిపోతాయి. ఇది మాత్రం వచ్చింది వచ్చినట్లే ఉండాల. అచ్చులో ఒక పన్ను ఊడితే ఏమవుతుంది?"

"గుడ్డంతా గీత పడుతుంది."

"ఆ. ఇదీ అంతే."

అచ్చు అంటే మగ్గంలో నూలుపోగులను విడదీసే దువ్వెన లాంటిది. అందులో ఒక పన్ను పోతే నేసిన గుడ్డ పొడుగునా ఒక సందు కనిపిస్తుంది. మా ఇంట్లో పిల్లలకు నడక కన్నా ముందు తెలిసే సంగతి అది.

తాత ఒక నియమం పెట్టాడు. కారు పనులన్నీ బజారులో కొన్న పనిముట్లతోనే జరగాలి. మరీ తప్పనిసరైతే పెట్టెలోది తీసుకోవచ్చు. అయితే తీసేముందు పాపకు చెప్పాలి, పాప పుస్తకంలో రాయాలి. పాప అంటే నేను. నాకప్పుడు పదేళ్ళు. ఇంట్లో గుండ్రంగా రాసేది నేనొక్కదాన్నే. తాత ఒక పొడుగు పుస్తకం ఇచ్చాడు. ఎడమవైపు పన్నెండు పేర్లు రాసి, ప్రతి నెలకూ ఒక నిలువు గీత గీశాను. అమావాస్య నాడు మగ్గాలకు సెలవు. ఆ రోజు తాత పెట్టె విప్పి, ఒక్కొక్క పనిముట్టునూ ఆముదం గుడ్డతో తుడిచి పెట్టేవాడు. నేను పేరు చదివి టిక్కు పెట్టేదాన్ని. కుడిచివర "వివరం" అని ఒక గడి వదిలాను. అందులో రాయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఇంటికి ఎవరొచ్చినా తాత ఆ పుస్తకం తెప్పించి చూపేవాడు.

"మా పాప రాసింది. ఒక్క గడి ఖాళీ ఉందా, చూడండి!"

వచ్చినవాళ్ళకు దాంట్లో చూడటానికి ఏముంటుంది? అయినా తల ఊపేవాళ్ళు. నేను తలుపు వెనక నిలబడి వినేదాన్ని.

డ్రైవరును నేను మామా అని పిలిచేదాన్ని. తామరైపాక్కం వైపు సేద్యం చేసుకునే తెలుగు వాళ్ళ ఇంటివాడు. ముప్పై ఏళ్ళుంటాయి. భార్య, ఇంకా నడక రాని కూతురు ఊళ్ళో ఉండేవాళ్ళు. వారానికొకసారి సైకిల్ మీద వెళ్ళి చూసి వచ్చేవాడు. ఆయన ఖాకీ చొక్కా దగ్గర గ్రీజు, బీడీ, వక్కపొడి వాసన. నేను పెట్రోలు మూత తీసి ముక్కు పెట్టి పీలుస్తూ ఉంటే పట్టుకునేవాడు.

"పాపా, ఎక్కువ పీల్చబాకు. నువ్వు గూడా స్టార్టయి ఉరుకుతావు. నిన్ను నిలిపేదానికి బ్రేకు యాడుందో నాకు తెలీదు."

గ్రీజు తీసి అవ్వ కోడిపుంజు తోకకు పూసింది నేనే. అవ్వ మామను తిట్టింది. ఆయన నావైపు చూడకుండానే, "పుంజుకు టైట్‌గా ఉండాదని సర్వీసు చేసినా అవ్వా," అన్నాడు. నా తప్పు తన మీద వేసుకోవడం ఆయనకు అప్పటికే అలవాటు. ఇది ఇప్పుడు రాస్తుంటే తడుతోంది. అప్పుడు నవ్వాను, అంతే.

ఒకసారి తాత నూలు పని మీద మద్రాసు వెళ్ళి పది రోజులు ఉండిపోయాడు. ఆ రోజుల్లోనే మామ దగ్గరున్న బజారు ప్లగ్ స్పానర్ పగిలింది. ఇంజనులో ప్లగ్గులు విప్పడానికి వాడే గొట్టం అది. వేలెడు పొడుగు, చివర ఆరు పలకలు. నేను వసారాలో బొరుగులూ బెల్లమూ తింటూ ఉంటే మామ వచ్చి ముందు నిలబడ్డాడు. పెట్టెలోని ప్లగ్ స్పానర్ ఆయన చేతిలో ఉంది.

"పాపా, ఇదో చూడు. నాది పగిలిపోయింది. తిరువళ్ళూరు బజారులో చెప్పి పెట్టినా, కొత్తది వచ్చేదాకా ఇది నాకాడ ఉంటుంది. పుస్తకంలో రాసుకో. తాత వస్తే నా మీద మాట రాకూడదు."

"సరే మామా."

"సరే అంటే కాదు. రాయాల."

"రాస్తాలే!"

రెండు రోజులకు అమావాస్య వచ్చింది. తాత లేడు కాబట్టి పెట్టె నేనే విప్పాను, ఒక్కదాన్నే. అంత పెద్ద పని ఒంటరిగా చేస్తున్నానని గర్వం. పదకొండు టిక్కులు పెట్టాను. ప్లగ్ స్పానర్ గడి దగ్గర ఆగాను. అక్కడ ఖాళీ వదిలి, చివరి గడిలో "డ్రైవర్ మామ దగ్గర ఉంది" అని రాయాలి. మొదటి పేజీ నుంచి తిప్పి చూశాను. టిక్కులు, టిక్కులు, నేత పోగుల్లాగా వరసగా. ఈ ఒక్క చోట సందు పడితే తాత ఇక ఎవరికి చూపిస్తాడు? తాత వచ్చేలోగా మామ ఎట్లాగూ తిరిగి పెట్టేస్తాడు. పెట్టేస్తే ఖాళీ అబద్ధమవుతుంది, టిక్కే నిజమవుతుంది. పదేళ్ళ బుర్ర ఎంత చక్కగా వాదిస్తుందో! టిక్కు పెట్టాను. పుస్తకం మూశాను.

ఆ తర్వాత నాకు కుదురు పోయింది. రోజుకు రెండుసార్లు కారు దగ్గరకు వెళ్ళేదాన్ని.

"మామా, ఎప్పుడు పెడతావు అది?"

"కొత్తది రాలేదు పాపా. షాపాయన రేపు మాపు అంటా ఉండాడు. నువ్వు రాసినావు కదా?"

"రాసినా."

"ఇంగేమి మరి? నిమ్మళంగా ఉండు."

తాత వచ్చాడు. పుస్తకం అడిగి చూశాడు. తాను లేకున్నా పాప ఎట్లా చేసిందో చూడమని అవ్వను పిలిచి చూపాడు. నేను బావి దగ్గరకు పరిగెత్తి కాళ్ళు కడుక్కున్నాను, ఏ కారణమూ లేకుండా.

అది జరిగిన నాలుగు రోజులకు మధ్యాహ్నం మా అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని, తిరువళ్ళూరు ఆసుపత్రికి తీసుకుపోతే మేలని మంత్రసాని చెప్పింది. అమ్మను వెనక సీట్లో పడుకోబెట్టారు. అమ్మ నా చెయ్యి పట్టుకొని వదలలేదు కాబట్టి నన్నూ ఎక్కించారు. అమ్మ తల అవ్వ ఒడిలో, ముందు సీట్లో తాత. కనకమ్మసత్రం దాటాక కారు దగ్గడం మొదలుపెట్టింది. మరో ఫర్లాంగు పోయి నిలిచిపోయింది.

ఎండ. రోడ్డు పక్కన చెరకు బండ్లు వరసగా పోతున్నాయి. అమ్మ గోళ్ళు నా మణికట్టులో దిగుతున్నాయి.

"ఒరే, నీ కారుకు ఇప్పుడేనా నిద్రొచ్చేది?" అని అవ్వ అరిచింది.

"నిద్ర గాదు అవ్వా, దగ్గు. ప్లగ్గులో మసి పట్టింది. రెండు నిమిషాలు." మామ బానెట్ ఎత్తి, వెనక్కి వచ్చి, తన సీటు కింద నుంచి గుడ్డలో చుట్టిన స్పానర్ తీశాడు.

తాత పక్కనే నిలబడి ఉన్నాడు. దాని మీద పొడిచిన అక్షరాలు చూశాడు.

"ఇది యాడిది?"

"పెట్టెలోదే అయ్యా. పాపకు చెప్పి తీసినా. పుస్తకంలో ఉండాది." మామ ఆ మాటను తల ఎత్తకుండా, చేతులు ఆపకుండా చెప్పాడు. ఆయనకు దాంట్లో దాచుకోవాల్సింది ఏమీ లేదు.

మామ ప్లగ్గు విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, బిగించి, హ్యాండిల్ తిప్పాడు. కారు లేచింది. పొద్దు వాలక ముందే ఆసుపత్రిలో మా తమ్ముడు పుట్టాడు. ఇప్పుడు నాకు ఫోటో పంపినవాడు ఆ తమ్ముడి కొడుకే.

మరునాడు ఇంటికి వచ్చాక తాత వసారాలో కూర్చొని పుస్తకం తెమ్మన్నాడు. మామను పిలిచాడు. ప్లగ్ స్పానర్‌కు ఎదురుగా ఉన్న టిక్కు మీద వేలు పెట్టాడు.

"అమావాస్య నాడు పెట్టెలో ఉన్నట్లు రాసుండాది. నువ్వేమో ముందే చెప్పి తీసినానంటావు."

"చెప్పినా అయ్యా. ఈ వసారాలోనే. పాపనే అడగండి."

తాత నావైపు తిరిగాడు. "చెప్పినాడా పాపా?"

తాత వేలు టిక్కు మీదే ఉంది. వేలు కింద నా గుండ్రటి చేతిరాత.

"లేదు తాతా," అన్నాను.

మామ నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే ఏడ్చేదాన్నేమో, ఏడిస్తే నిజం బయటికి వచ్చేదేమో. ఆయన కోపంగా చూడలేదు. నా మొహంలో ఏదో వెతికి, అది దొరికినట్టు, తాతవైపు తిరిగాడు.

"నేనే మరిచినానేమో అయ్యా. చెప్పినాననే అనుకొన్నా."

"నిన్న రోడ్డు మీద అంత గట్టిగా చెప్పినావే?"

"మరిచిపోయినా అయ్యా."

తాత గొంతు పెంచే మనిషి కాదు. "స్పానర్ తీసినందుకు గాదప్పా. దొంగతనమూ అనను. పూటకొక మాట చెప్పే చేతికి మా ఇంటి ఆడోళ్ళను ఎట్లా అప్పగించేది?" అన్నాడు. అవ్వ అడ్డుపడింది. "ఆ చెయ్యే కదా నిన్న నీ కోడలిని కాపాడింది?" తాత వినలేదు.

వెళ్ళేముందు మామ ఒక్కటే అడిగాడు. పెట్టె తన ముందర సరిచూసుకోవాలని. రేపు ఇంకొకటి లేదని ఎవరూ అనకూడదని. వసారాలో ఖాకీ గుడ్డ పరిచారు.

"చదువు పాపా," అన్నాడు మామ.

నేను పేరు చదివాను. ఆయన ఒక్కొక్కటే తీసి అరలో పెట్టాడు. ప్లగ్ స్పానర్ అని చదివినప్పుడు ఒక క్షణం అట్లాగే పట్టుకొని ఉన్నాడు, నాకు వ్యవధి ఇచ్చినట్టు. నేను పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయాను. ఆయన దాన్ని పెట్టాడు. పన్నెండూ సరిపోయాయి. సైకిల్ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ ఏడాదే నేను డైరీ రాయడం మొదలుపెట్టాను. జరిగింది జరిగినట్టు రాయాలని పట్టుదల. కూరగాయల బండి వచ్చిన వేళ కూడా రాశాను. ఇది మాత్రం ఏ డైరీలోనూ లేదు.

ఫోటో వచ్చిన నాలుగో రోజు మేనల్లుడికి ఫోన్ చేసి అంతా చెప్పాను. వాడు ఓపికగా విన్నాడు.

"పోనీలే అత్తా. ఎప్పటి సంగతి! నువ్వు చిన్నపిల్లవి. సామాను పన్నెండూ ఉండాయి కదా?"

"సామాను ఉండాది రా."

"ఇంగేమి? పుస్తకం కొరియర్‌లో అంపించేయి."

అంపలేదు. ఐదో రోజు పొద్దున తిరువళ్ళూరు దాకా రైల్లో వెళ్ళి, అక్కడ తామరైపాక్కం బస్సు ఎక్కాను. మొత్తం కలిపి రెండు గంటల దారి. ఆనకట్ట దగ్గర టీకొట్టులో మామ పేరు చెప్పి అడిగితే మొదట ఎవరికీ తెలియలేదు. చాలా ఏళ్ళ కిందట మా వైపు కారు నడిపినవాడని చెప్పాక ఒక ముసలాయనకు గుర్తొచ్చింది.

"ఓ, మరుపు డ్రైవరా? ఆయన పోయి ఇరవై ఏండ్లు దాటిపోయింది. కూతురు ఉండాది. అదో, కీరైతోట పక్కిల్లు."

మరుపు డ్రైవర్. ఆ పేరు విని నా కాళ్ళు ఆగాయి. తిరిగి బస్సెక్కేద్దామా అనిపించింది కూడా.

ఆకుకూరల తోటను ఆనుకొని ఇల్లు. మామ కూతురు అరవై దాటిన మనిషి. అరుగు మీద కూర్చొని తోటకూర కట్టలు కడుతోంది. నేను ఎవరింటిదాన్నో చెప్పగానే చాప దులిపి వేసింది.

"ఆ కారింటి పాపనా నువ్వు! అంతా వరసగా రాసే పాప! మా నాయన ఎన్నిసార్లు చెప్పినాడో. మీరూ ఆ పాప మాదిరి గుండ్రంగా రాయండే అని మమ్మల్ని సతాయించేవాడు."

"ఆ ఉద్యోగం ఎట్లా పోయిందో చెప్పినాడా?"

ఆమె నవ్వింది. "చెప్పకేం? ఆ పాపకు చెప్పాలని మరిచిపోయినా, తప్పు నాదే అని. ఆ కారు పోయినాక ఆమేన ఇటుకల లారీ తోలినాడు. వారమంతా రోడ్డు మీదనే. మా అమ్మ ఊరుకుంటుందా? నోరు తెరిచి ఒక్క మాట చెప్పుంటే కారు మీద దర్జాగా ఉండేవాడివి కదయ్యా అని పొద్దన లేస్తే అదే పాట. ఉప్పు తెమ్మంటే, మరిచిపోతావేమో, చేతి మీద రాసుకో అనేది. వీధంతా నవ్వేది. అట్లా ఆ పేరు నిలిచిపోయింది. ఆయన గూడా నవ్వేవాడు అక్కా, ఏమీ అనేవాడు కాదు."

"ఆయన మరిచిపోలేదమ్మా," అన్నాను. "నాకు చెప్పినాడు. రాసుకో అని కూడా చెప్పినాడు. నేను రాయలేదు. మా తాత అడిగితే చెప్పలేదని అబద్ధం ఆడినా."

ఆమె చేతిలో అరటినార ఆగింది. తోటలో మోటారు నడుస్తున్న చప్పుడు. నేను క్షమించమని అడగాలని వాక్యం తయారు చేసుకొని వచ్చాను, రైల్లో రెండుసార్లు మనసులో తిరగరాశాను. అది నోటికి రాలేదు.

"నీకు చెప్పినాడా?"

"చెప్పినాడు."

"నువ్వు చెప్పలేదన్నప్పుడు ఆయన అక్కడే ఉండాడా?"

"ఉండాడు. నేనే మరిచినానేమో అన్నాడు."

ఆమె కట్టిన కట్టనే విప్పి మళ్ళీ కట్టింది. తర్వాత కోపం లేని గొంతుతో, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "మా అమ్మ పోయిన ఆడి నెల, ఆషాఢంలోనే పోయింది అక్కా. అంతకు ముందు వచ్చుండకూడదా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. కట్టలు పక్కకు నెట్టి లేచింది. గోడ దగ్గరకు వెళ్ళి పక్కింటావిడను పిలిచింది, మొదట తెలుగులో, తర్వాత అరవంలో.

"ఏమే, ఇట్ల దా! మా నాయన మరిచిపోలేదంట! చెప్పే తీసినాడంట!"

పక్కింటావిడ తడిచేతులతో గోడ మీదుగా తల పెట్టింది. ఎదురింట్లో ఎవరో వాకిట్లోకి వచ్చారు. మామ కూతురు నావైపు చెయ్యి చూపింది.

"ఇదో, ఈయమ్మే. ఆ ఇంటి పాప. ఈయమ్మకు చెప్పినాడంట. ఈయమ్మే రాయలేదంట!"

అందరూ నన్ను చూశారు. తల వంచకుండా నిలబడటానికి నాకు ఎంత పట్టిందో రాయడం నాకు చేతకాదు. ఒకరి తర్వాత ఒకరు అడిగారు, నిజమేనా అని. అడిగినవాళ్ళందరికీ అవునని చెప్పాను. బస్సు వేళయిందని బయలుదేరితే ఆమె నన్ను ఆపలేదు, పొమ్మనీ అనలేదు. వీధి మలుపు తిరిగినా ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది. ఇంకా రెండు వాకిళ్ళ అవతల ఎవరికో మొదటి నుంచి చెబుతోంది.